బ్యాంకు పద్దులో పుట్టే డబ్బు, పద్దులోనే మాయమయ్యే డబ్బు

బ్యాంకు అప్పు ఇస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరిని అడిగినా చెప్పేది ఒకటే. కొందరు దాచుకుంటారు, బ్యాంకు దాన్ని తీసి అవసరమున్నవాళ్లకు ఇస్తుంది, వడ్డీల తేడాతో బతుకుతుంది. పత్రికలు ఇలాగే రాస్తాయి, మంత్రులు ఇలాగే మాట్లాడతారు. అర్థశాస్త్రం తరగతిలో ‘పరపతి సృష్టి’ పాఠం కూడా ముందు డిపాజిట్, తర్వాత అప్పు అన్న వరుసలోనే నడుస్తుంది. బ్యాంకుల సొంత పద్దులు మాత్రం ఈ వరుసను ఒప్పుకోవు. నూట యాభై ఏళ్లకు పైగా నడిచిన ఈ వివాదంలో ఎవరేమన్నారు, ఏ వాదం నిలిచింది, ఏది వీగిపోయింది, మన దేశపు అనుభవం ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతోంది అన్నది ఇక్కడ పరిశీలిద్దాం. రుణమాఫీ, మొండి బాకీలు, నోట్ల రద్దు, డిపాజిట్ల కొరత అంటూ మనం చేసే చర్చలన్నీ ఈ ప్రశ్న దగ్గరే దారి తప్పుతున్నాయి. కాబట్టి దీన్ని పండితుల పేచీ అని వదిలేయడానికి లేదు.

ముందు పద్దు చూద్దాం. మన వాణిజ్య బ్యాంకులన్నీ ఆస్తి అప్పుల పట్టీని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం చెప్పిన నమూనాలోనే వేయాలి. మూలధనం ఒకటో షెడ్యూలు, రిజర్వులు, మిగులు రెండోది, డిపాజిట్లు మూడోది. ఇవి బ్యాంకు ఇతరులకు చెల్లించాల్సిన వైపు. రెండో వైపున చేతిలో నగదు, రిజర్వు బ్యాంకులో ఉన్న నిల్వ కలిపి ఆరో షెడ్యూలు, పెట్టుబడులు ఎనిమిదోది, ఇచ్చిన అప్పులు తొమ్మిదోది. ఏ బ్యాంకు వార్షిక నివేదిక తెరిచినా ఇదే వరుస.

తెనాలిలోనో జగిత్యాలలోనో ఒక బ్రాంచిలో ఒకామె బంగారం కుదువపెట్టి లక్ష రూపాయలు తీసుకుంటోంది అనుకుందాం. అప్రైజరు గాజులను గీటురాయి మీద గీసి చూస్తాడు, తూకం వేస్తాడు, చీటీ రాస్తాడు. ఆఫీసరు కంప్యూటర్లో ఆమె పేరున కొత్త లోన్ ఖాతా తెరిచి దానికి లక్ష డెబిట్ వేస్తాడు, ఆమె సేవింగ్స్ ఖాతాకు లక్ష క్రెడిట్ వేస్తాడు. మేనేజరు ఆమోదించగానే ఆమె ఫోనుకు మెసేజ్ వస్తుంది. తొమ్మిదో షెడ్యూలులో లక్ష పెరిగింది, మూడో షెడ్యూలులో లక్ష పెరిగింది. ఆరో షెడ్యూలు కదలలేదు. పక్క కౌంటరు దగ్గర నిలబడ్డ పెన్షనరు ఖాతాలో రూపాయి తగ్గలేదు, ఆ ఊళ్లో మరెవరి ఖాతాలోనూ తగ్గలేదు. అయినా ఆ ఊళ్లో ఇప్పుడు లక్ష రూపాయల కొత్త డిపాజిట్ ఉంది. రిజర్వు బ్యాంకు లెక్కలో డిపాజిట్ డబ్బే కనుక, దేశం మొత్తం డబ్బు లక్ష పెరిగింది.

ఏడాది తర్వాత ఆమె పంట అమ్మిన డబ్బుతో అసలు కట్టేస్తే ఇదే పద్దు తిరగబడుతుంది. సేవింగ్స్ ఖాతాలో లక్ష పోతుంది, లోన్ ఖాతా మూతపడుతుంది. ఆ లక్ష బ్యాంకు బీరువాలోకి చేరలేదు, బ్యాంకు జేబులోకీ వెళ్లలేదు. రెండు వైపులా చెరిగిపోయింది, అంతే. ఆమె కట్టిన వడ్డీ సంగతి వేరు. వడ్డీ కట్టినప్పుడు కూడా డిపాజిట్ తగ్గుతుంది. అయితే అది లాభంగా బ్యాంకు సొంత నిధుల్లో చేరి, జీతాలుగా, డిపాజిటర్ల వడ్డీగా, డివిడెండుగా మళ్లీ జనం ఖాతాల్లోకి దిగుతుంది. ‘అసలు మాత్రమే సృష్టించి వడ్డీని సృష్టించలేదు కాబట్టి లోకంలో అప్పు ఎప్పటికీ తీరదు’ అని తరచూ వినిపించే వాదన ఈ తిరుగుదలను లెక్కలోకి తీసుకోదు.

పంట రుణాల రెన్యువల్ కాలంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గడువు దాటితే వడ్డీ రాయితీ పోతుందని రైతు ఒక్కరోజు కోసం ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర డబ్బు తెచ్చి పాత అప్పు కడతాడు. ఆ పూటో మర్నాడో కొత్త అప్పు మంజూరవుతుంది, దానితో వడ్డీ వ్యాపారి బాకీ తీరుస్తాడు. పొద్దున ఒక డిపాజిట్ రద్దయింది, సాయంత్రానికి మరొకటి పుట్టింది. వడ్డీ వ్యాపారి చేసింది మాత్రం తన దగ్గరున్నదాన్ని చేతులు మార్చడమే. చిట్టీల కంపెనీ, ఫైనాన్స్ కంపెనీ, సూక్ష్మ రుణ సంస్థ అన్నీ ఈ కోవలోవే. అవి అప్పు ఇవ్వాలంటే ఏదో ఒక బ్యాంకు ఖాతాలో ముందుగా డబ్బు ఉండాలి. తాను చెల్లించాల్సిన బాకీనే జనం డబ్బుగా వాడుకునే స్థానం బ్యాంకుకే ఉంది.

ఇంత తేలికైన పద్దు మీద ఇంత వివాదం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఇంగ్లండు చరిత్రలోకి వెళ్లాలి. 1844లో రాబర్ట్ పీల్ ప్రభుత్వం తెచ్చిన బ్యాంక్ చార్టర్ చట్టం నోట్ల ముద్రణకు హద్దు గీసింది. నోట్లే డబ్బు అని నమ్మిన పక్షం గెలిచిన ఘట్టమది. డిపాజిట్లను ఆ చట్టం ముట్టుకోలేదు. బ్యాంకులు నోటు రాసే బదులు ఖాతాలో జమ రాసి చెక్కుబుక్కు చేతికిచ్చాయి. వ్యాపారమంతా చెక్కుల మీదికి మళ్లింది. నోటును కట్టేస్తే డబ్బును కట్టేసినట్టు కాదని అనుభవమే చూపించింది. ఆ తర్వాత పది పన్నెండేళ్లకే హెన్రీ డన్నింగ్ మక్లౌడ్ అనే ఆర్థికవేత్త బ్యాంకులు డబ్బు దళారులు కావని, పరపతిని తయారుచేసే సంస్థలని రాశాడు. 1909లో హార్ట్‌లీ విథర్స్ అనే పత్రికా రచయిత, డిపాజిట్లలో ఎక్కువ భాగం బ్యాంకులిచ్చిన అప్పుల నుంచే పుట్టాయని లండన్ బ్యాంకుల పట్టీలు పెట్టి వివరించాడు.

దీనికి ఎదురు నిలిచినవాళ్లలో ఆర్థికవేత్త ఎడ్విన్ కానన్‌ది గట్టి గొంతు. బ్యాంకు డిపాజిట్‌ను ఆయన 1921లో సామాన్లు దాచే గదితో పోల్చాడు. దాచిన సంచుల్లో కొన్నింటిని కాపలాదారు అద్దెకిస్తే కొత్త సంచులు పుట్టినట్టా అని అడిగాడు. వినడానికి బాగుంటుంది గాని, పోలికే తప్పు. అద్దెకిచ్చిన సంచి దాని యజమానికి ఆ పూటకు దొరకదు. బ్యాంకులో మీరు దాచుకున్నది మాత్రం అప్పు తీసుకున్నవాడు ఖర్చు చేస్తున్న క్షణంలోనూ మీకు దొరుకుతుంది. కానన్ వాదనకు నేటి రూపమే ‘బ్యాంకు మధ్యవర్తి’ అనే సిద్ధాంతం.

ఈ రెండింటి నడుమ రాజీగా పుట్టింది ద్రవ్య గుణకం. 1920లో అమెరికాలో చెస్టర్ ఫిలిప్స్ దీనికి శాస్త్రరూపం ఇచ్చాడు. ఒక్కో బ్యాంకు తన దగ్గరికి వచ్చిన దానిలో కొంత నిల్వ ఉంచి మిగిలింది అప్పిస్తుంది, అది ఇంకో బ్యాంకులో డిపాజిట్ అవుతుంది, ఆ బ్యాంకు మళ్లీ కొంత ఉంచి మిగిలింది ఇస్తుంది. ఇలా గొలుసు సాగి మొత్తం వ్యవస్థ నిల్వకు అనేక రెట్లు డబ్బు సృష్టిస్తుంది. ఏ ఒక్క బ్యాంకూ సృష్టించదు, అన్నీ కలిసి మాత్రం సృష్టిస్తాయి. ఈ కథ పాఠ్యపుస్తకాలకు బాగా నప్పింది, నల్లబల్ల మీద లెక్క చక్కగా తేలుతుంది. ఫిలిప్స్‌కు ఇవ్వాల్సిన గౌరవం ఒకటుంది. అప్పిచ్చిన బ్యాంకు నుంచి నిధులు ఇతర బ్యాంకులకు జారిపోతాయన్న సంగతిని అంత బాగా ముందెవరూ చెప్పలేదు. కేన్స్ 1930లో దీన్నే తిప్పి చెప్పాడు. బ్యాంకులన్నీ అడుగులో అడుగు వేసి అప్పులు పెంచితే, ఒకరి నుంచి జారింది మరొకరి దగ్గర చేరి సర్దుకుంటుంది, అప్పుడు ఎవరికీ లోటు కనబడదు.

1963లో జేమ్స్ టోబిన్ ఒక మంచి అభ్యంతరం లేవనెత్తాడు. పద్దు రాసి డిపాజిట్ పుట్టించడం నిజమే, కానీ దాన్ని ఎవరో ఒకరు అట్టే పెట్టుకోవడానికి ఇష్టపడాలి గదా? ఇష్టం లేనివాళ్లు పాత అప్పులు తీర్చేస్తారు, డబ్బు పుట్టినట్టే పోతుంది. డబ్బు చెరిగిపోవడం ఎంత ముఖ్యమో టోబిన్ గుర్తు చేశాడు. పుట్టుక గురించి రాసినవాళ్లలో చాలామంది ఈ వైపు చూడలేదు.

ఇటీవలి కాలంలో తూకం ఒక పక్కకు మొగ్గింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పత్రిక 2014 తొలి త్రైమాసిక సంచికలో ఆ బ్యాంకు ఆర్థికవేత్తలు మెక్‌లే, రాడియా, థామస్ సూటిగా రాశారు: బ్రిటన్‌లో జనం చేతిలోని డబ్బులో 97 శాతం బ్యాంకు డిపాజిట్లే, వాటిలో ఎక్కువ భాగం బ్యాంకులు అప్పులిచ్చేటప్పుడు పుట్టినవే, గుణకం కథ వాస్తవానికి తలకిందులు. 2017 ఏప్రిల్‌లో జర్మనీ కేంద్ర బ్యాంకు కూడా ఇదే మాట చెప్పింది. దాదాపు అదే కాలంలో రిచర్డ్ వెర్నర్ అనే ఆర్థికవేత్త ఒక ప్రయోగం చేశాడు. బవేరియాలోని ఒక చిన్న సహకార బ్యాంకులో రెండు లక్షల యూరోల అప్పు ఇప్పించి, ఆ ముందూ వెనకా బ్యాంకు పుస్తకాలు చూశాడు. ఆ డబ్బును బ్యాంకు ఎక్కడి నుంచీ బదిలీ చేయలేదని 2014లో ప్రచురించాడు. నన్నడిగితే ఈ ప్రయోగం కొత్తగా రుజువు చేసింది తక్కువ. జంట పద్దు తెలిసిన ఏ గుమస్తా అయినా చెప్పగలిగిందే అది తేల్చింది. అయినా సిద్ధాంతాల మీద సిద్ధాంతాలు రాసుకున్న రంగంలో ఒకరు వెళ్లి లెడ్జరు తెరిచి చూడటం విలువైన పనే.

ఇక మన అనుభవం. గుణకం వాదన సరైనదైతే, నిల్వల నిబంధన సడలించగానే అప్పులు వాటంతటవే పెరగాలి. 2020 మార్చిలో రిజర్వు బ్యాంకు నగదు నిల్వల నిష్పత్తిని 4 నుంచి 3 శాతానికి తగ్గించింది. 1,37,000 కోట్ల రూపాయలు బ్యాంకుల చేతికి వచ్చాయి. పుస్తకం ప్రకారం మూడు శాతానికి ముప్పై మూడు రెట్ల గుణకం. బ్యాంకులు ఏం చేశాయి? వచ్చిన నిధులను తిరిగి రిజర్వు బ్యాంకు దగ్గరే రివర్స్ రెపోలో పెట్టాయి. ఏప్రిల్ 15 నాటికి అలా పెట్టింది 6.9 లక్షల కోట్లు. ఆ ఆర్థిక సంవత్సరంలో అప్పుల పెరుగుదల ఐదారు శాతం దగ్గరే ఆగింది. కొవిడ్‌లో అప్పు అడిగే నమ్మకమైన మనిషి లేడు, ఇవ్వడానికి బ్యాంకుకు ధైర్యం లేదు. నిష్పత్తి మూడైతే ఏం, ముప్పై అయితే ఏం? మన దేశంలో మొత్తం డబ్బు, రిజర్వు బ్యాంకు సృష్టించే మూల ద్రవ్యానికి ఐదారు రెట్ల దగ్గర తిరుగుతోంది. అది లెక్క తేలిన తర్వాత కనిపించే నిష్పత్తి, ముందుండి నడిపించే మీట కాదు. అమెరికా అదే నెలలో నిల్వల నిబంధనను సున్నా చేసింది. బ్రిటన్, కెనడాల్లో అలాంటి నిబంధనే లేదు. ఎక్కడా అప్పులు అనంతంగా పెరగలేదు.

బ్యాంకు పద్దు రాసి డబ్బు పుట్టించగలిగితే మరి మేనేజర్లు డిపాజిట్ల కోసం ఇల్లిల్లూ ఎందుకు తిరుగుతారు? పాతికేళ్లు బ్యాంకులో పనిచేసినవాళ్లకు ఈ సిద్ధాంతం మింగుడు పడకపోవడానికి కారణం ఈ ప్రశ్నే, అది న్యాయమైన ప్రశ్న. జవాబు ఇదీ. బంగారం కుదువపెట్టిన ఆమె ఆ లక్షను ఎరువుల దుకాణానికి ఫోన్లోనే పంపితే, దుకాణం ఖాతా వేరే బ్యాంకులో ఉంటే, ఆ రెండు బ్యాంకుల మధ్య లెక్క రిజర్వు బ్యాంకులో వాటికున్న ఖాతాల్లో తేలాలి. అప్పిచ్చిన బ్యాంకు ఆరో షెడ్యూలులో లక్ష తగ్గుతుంది, దుకాణం బ్యాంకులో లక్ష పెరుగుతుంది. డిపాజిట్ నశించలేదు, ఇల్లు మారింది. ఇల్లు మారినప్పుడల్లా నిధులు పోగొట్టుకునే బ్యాంకు తట్టుకోలేదు, అందుకే కొత్త డిపాజిట్లను రప్పించుకోవాలి. బ్యాంకు మేనేజరు చూసేది తన బ్యాంకుకు వచ్చే డబ్బును, పోయే డబ్బును. దేశం మొత్తాన్ని ఒకే పట్టీలో చూసినవాడికి మాత్రమే డబ్బు పుట్టడం కనిపిస్తుంది. మధ్యవర్తి సిద్ధాంతంలో మిగిలిన నిజం ఇంతే: అప్పు పుట్టడానికి డిపాజిట్ అవసరం లేదు, కానీ పుట్టిన అప్పును మోయడానికి ప్రతి బ్యాంకుకూ అవసరం.

అసలైన హద్దు మూలధనం. మన బ్యాంకులు రిస్కు లెక్కగట్టిన ఆస్తుల మీద కనీసం 9 శాతం, దానిపై రక్షణగా మరో 2.5 శాతం సొంత నిధులు ఉంచాలి. 2023 నవంబరులో తనఖా లేని వ్యక్తిగత రుణాల రిస్కు బరువును రిజర్వు బ్యాంకు 100 నుంచి 125కు పెంచింది, అంటే అదే అప్పుకు మరింత సొంత నిధి కావాలి. బ్యాంకులు ఆ రుణాల మీద చేయి బిగించాయి. నిల్వల నిష్పత్తి చేయలేని పని రిస్కు బరువు చేసిందన్నమాట.

ఇప్పుడు మన బహిరంగ చర్చల్లో ఎక్కువగా తికమక పడే చోటికి వద్దాం. ‘బ్యాంకులు ఇన్ని లక్షల కోట్లు రద్దు చేశాయి, అదంతా ప్రజల డబ్బు’ అని వినని ఏడాది లేదు. అప్పు రాసేసినప్పుడు పద్దులో ఏం జరుగుతుంది? తొమ్మిదో షెడ్యూలులో అప్పు తగ్గుతుంది. దానికి జంటగా తగ్గేది మూడో షెడ్యూలు కాదు, బ్యాంకు లాభం, దాని వెంట సొంత నిధులు. ఫ్యాక్టరీ పెడతానని అప్పు తీసుకున్నవాడు యంత్రాలవాడికి, కాంట్రాక్టరుకు చెల్లించేశాడు. ఆ డిపాజిట్లు వాళ్ల ఖాతాల్లో, వాళ్ల నుంచి ఇంకొకరి ఖాతాల్లో తిరుగుతూనే ఉన్నాయి. తిరిగి కట్టి ఉంటే ఆ మేరకు డబ్బు చెరిగిపోయేది. ఎగ్గొట్టాడు కాబట్టి చెరగలేదు. చెరిగింది బ్యాంకు మూలధనం, దానితోపాటు రేపు కొత్త అప్పులివ్వగల శక్తి. ఎగవేత వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఈ రెండింటి తేడా పట్టుకోకపోతే బ్యాంకుల సంక్షోభం అర్థం కాదు.

2018 మార్చిలో మన బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. అంతకు కొద్ది నెలల ముందే, 2017 అక్టోబరులో, ప్రభుత్వ బ్యాంకులకు మూలధనం సమకూర్చడానికి ప్రభుత్వం 2.11 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో 1.35 లక్షల కోట్లు రీక్యాపిటలైజేషన్ బాండ్లు. వాటి పద్దు విచిత్రంగా ఉంటుంది. ప్రభుత్వ బ్యాంకు తన నిధులతో ప్రభుత్వ బాండు కొంటుంది. ప్రభుత్వం వెంటనే అదే డబ్బుతో ఆ బ్యాంకు షేర్లు కొంటుంది. డబ్బు వెళ్లిన దారినే తిరిగొచ్చింది. మిగిలిందేమిటంటే, ఎనిమిదో షెడ్యూలులో బాండు, ఒకటి, రెండు షెడ్యూళ్లలో మూలధనం. ఒక్క డిపాజిట్ కదలలేదు, ఒక్క నోటు ముద్రించలేదు. మొండి బాకీలు తినేసిన మూలధనం మాత్రం తిరిగి వచ్చింది. దాని భారం ఏటా వడ్డీ రూపంలో బడ్జెట్ మీద, అంటే పన్నులు కట్టేవాళ్ల మీద పడింది. ప్రజల సొమ్ము పోయిందని అనాల్సిన చోటు ఇది, రద్దు ప్రకటన దగ్గర కాదు.

మూలధనం మొత్తం హరించుకుపోయి, ఆదుకునేవాడు లేకపోతే డిపాజిట్లకే ఎసరు వస్తుంది. 2001, 2002ల్లో హైదరాబాద్‌లో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలినప్పుడు ఖాతాదారులు వీధిన పడ్డారు. ఖాతా పుస్తకంలో అంకె ఉంది, దాని వెనక ఆస్తి లేదు. ఇది పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో అమెరికా చూసింది. 1929 నుంచి 1933 వరకు అక్కడ బ్యాంకులు వేల సంఖ్యలో మూతపడి, జనం అప్పులు తీర్చేస్తూ కొత్తవి తీసుకోక, మొత్తం డబ్బులో దాదాపు మూడో వంతు అదృశ్యమైంది. మన దగ్గర డిపాజిట్ బీమా పరిమితిని 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి ఐదు లక్షలకు పెంచడం ఆలస్యంగానైనా జరిగిన మంచి పని.

రుణమాఫీ దీనికి పూర్తిగా వేరు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ, 2024 జూలై, ఆగస్టుల్లో రెండు లక్షల వరకు తెలంగాణా మాఫీ చేసినప్పుడు బ్యాంకులు నష్టపోలేదు, వాటికి ప్రభుత్వం చెల్లించింది. ప్రభుత్వం ఆ డబ్బు ఎలా తెచ్చిందన్న దాన్నిబట్టి ఫలితం మారుతుంది. పన్నులతో తెస్తే పన్ను కట్టినవాళ్ల డిపాజిట్లు తగ్గుతాయి, రైతుల అప్పులు తగ్గుతాయి, ఆ మేరకు దేశంలో డబ్బు చెరిగిపోతుంది. బాండ్లు అమ్మి తెస్తే, ఆ బాండ్లను బ్యాంకులే కొంటే, డిపాజిట్లలో మార్పే లేదు. రైతు బాకీ స్థానంలో రాష్ట్ర ప్రభుత్వ బాకీ వచ్చి కూర్చుంటుంది. బీమా సంస్థ లాంటివి కొంటే వాటి డిపాజిట్లు తగ్గుతాయి. మూడు దారుల్లో ఏ దారిలోనూ మాఫీ వల్ల ఊళ్లోకి కొత్త డబ్బు రాదు. అది వచ్చేది ఆ తర్వాత బ్యాంకు కొత్త పంట రుణం ఇచ్చినప్పుడే. మాఫీ ప్రకటనలకు వచ్చే చప్పట్లు, విమర్శలు కూడా అసలు కొలవాల్సిన దాన్ని వదిలేస్తున్నాయి. ఎన్ని ఖాతాలు మాఫీ అయ్యాయన్నదానితో సమానంగా, వాటిలో ఎన్నింటికి అదే సీజనులో కొత్త రుణం దొరికిందన్నది లెక్క చెప్పాలి.

వాణిజ్య బ్యాంకుల పద్దు పైన రిజర్వు బ్యాంకు పద్దు ఉంది. అది డాలర్లు కొంటే రూపాయలు పుడతాయి, అమ్మితే పోతాయి. 2004లో విదేశీ డాలర్లు వెల్లువెత్తినప్పుడు, కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి.రెడ్డి గవర్నరుగా ఉన్న కాలంలో, మార్కెట్ స్థిరీకరణ పథకం పెట్టారు. ప్రభుత్వం బాండ్లు అమ్మి, వచ్చిన డబ్బును ఖర్చు చేయకుండా రిజర్వు బ్యాంకులోని ప్రత్యేక ఖాతాలో ఉంచుతుంది. ప్రభుత్వం ఖాతాలోకి వెళ్లిన డబ్బు జనం డబ్బు లెక్కలోకి రాదు. డాలర్ల వల్ల పుట్టిన రూపాయలను ఇలా వెనక్కు లాగేశారు. డబ్బును ఉద్దేశపూర్వకంగా చెరపడంలో ఇంత శుభ్రమైన ఉదాహరణ మన చరిత్రలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. 2024 చివర్లో డాలర్ల ప్రవాహం తలకిందులైంది. రూపాయిని నిలబెట్టడానికి రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మింది, ఆ మేరకు రూపాయలు వ్యవస్థ నుంచి మాయమై బ్యాంకులు నిధులకు కటకటలాడాయి. 2025 జనవరి చివర్లో 60,000 కోట్ల బాండ్ల కొనుగోలు ప్రకటించి ఆ ఖాళీ పూడ్చాల్సి వచ్చింది.

నోట్ల రద్దు కూడా ఈ కళ్లతో చూడాల్సిందే. 2016 నవంబరు 8న రద్దయిన 15.41 లక్షల కోట్లలో కొన్ని లక్షల కోట్లు తిరిగి రావని, ఆ మేరకు రిజర్వు బ్యాంకు బాకీ తీరిపోయి ప్రభుత్వానికి లాభమొస్తుందని అప్పట్లో చాలామంది ఆశించారు. 99.3 శాతం తిరిగొచ్చాయి. నోటు రిజర్వు బ్యాంకు బాకీ, డిపాజిట్ వాణిజ్య బ్యాంకు బాకీ. జనం ఒక బాకీ ఇచ్చి ఇంకొకటి పుచ్చుకున్నారు. డబ్బు రూపం మారింది, మొత్తం నశించలేదు. బ్యాంకుల్లో నిధులు పొంగిపొర్లితే, వాటిని పీల్చుకోవడానికి రిజర్వు బ్యాంకు పెరిగిన డిపాజిట్ల మీద కొన్నాళ్లు నూటికి నూరు శాతం నిల్వ పెట్టించింది, స్థిరీకరణ పథకం పరిమితిని 6 లక్షల కోట్లకు పెంచింది. అన్ని నిధులున్నా ఆ ఏడాది అప్పుల పెరుగుదల దశాబ్దాల కనిష్ఠానికి పడింది. గుణకం వాదనకు 2020 కంటే ముందే తగిలిన దెబ్బ అది.

2024లో మరో చర్చ సాగింది. జనం పొదుపు మ్యూచువల్ ఫండ్లకు, షేర్లకు తరలిపోతోందని, అందుకే డిపాజిట్లు అప్పుల వేగాన్ని అందుకోలేకపోతున్నాయని రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ ఆగస్టులో హెచ్చరించారు. పద్దు ప్రకారం ఈ మాట సగమే నిలుస్తుంది. మీరు ఫండ్‌కు పదివేలు కడితే మీ డిపాజిట్ ఫండ్ ఖాతాకు, అక్కడి నుంచి షేరు అమ్మినవాడి ఖాతాకు వెళ్తుంది. బ్యాంకుల వ్యవస్థను అది దాటిపోదు. దాటిపోవడానికి దారులు వేరే ఉన్నాయి: నోట్లుగా తీసుకోవడం, అప్పు తీర్చడం, పన్ను కట్టడం, రిజర్వు బ్యాంకు నుంచి డాలరు కొనడం, బ్యాంకు సొంత షేర్లు, బాండ్లు కొనడం. రెండో సగం మాత్రం నిజం. కుటుంబాల ఫిక్స్‌డ్ డిపాజిట్ అయిదేళ్లు కదలకుండా ఉంటుంది, కంపెనీల డిపాజిట్ రేపే ఎగిరిపోవచ్చు. గవర్నరు ఆందోళన డిపాజిట్ల నాణ్యత గురించి అయి ఉంటే సబబే. పొదుపుదారు షేర్ల వైపు వెళ్లి దేశం డిపాజిట్లు తగ్గించాడని నింద వేయడం సబబు కాదు.

ప్రైవేటు బ్యాంకుల చేతిలో ఈ అధికారం ఉండొచ్చా అన్నది వివాదంలో ఆఖరి ఘట్టం. 1933లో షికాగో ఆర్థికవేత్తలు, 1935లో అర్వింగ్ ఫిషర్ డిపాజిట్లకు నూటికి నూరు శాతం నిల్వ ఉండాలని ప్రతిపాదించారు. స్విట్జర్లాండ్‌లో 2018 జూన్ 10న దీని మీద ప్రజాభిప్రాయ సేకరణే జరిగింది, నాలుగింట మూడు వంతుల ఓటర్లు తిరస్కరించారు. వాళ్ల భయాన్ని అర్థం చేసుకోగలను. డబ్బు ఎంత పుట్టించాలన్న నిర్ణయం అంతా ఒకే కార్యాలయానికి చేరితే అది ఇంకో రకం ప్రమాదం. మన దేశం కూడా ఆ వైపు కొంత చూసింది. 1955 నుంచి 1997 దాకా కేంద్రం తాత్కాలిక ట్రెజరీ బిల్లుల పేరుతో రిజర్వు బ్యాంకు నుంచి అడిగినంత తీసుకుంది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన సి.రంగరాజన్ రిజర్వు బ్యాంకు గవర్నరుగా 1994లో కుదిర్చిన ఒప్పందంతోనే దానికి తెర పడింది. సృష్టించే అధికారం ఎవరి దగ్గరున్నా దానికి లెక్క అడిగేవాళ్లుండాలన్నదే నా మాట.

వాదాలన్నీ తూచి చూస్తే, అప్పే డిపాజిట్‌ను పుట్టిస్తుందన్న పక్షం పద్దు విషయంలో నిర్వివాదంగా గెలిచింది. మధ్యవర్తి సిద్ధాంతం ఒక్క బ్యాంకు ఇబ్బందిని చెబుతుంది, దేశం డబ్బును చెప్పలేదు. గుణకాన్ని చరిత్రగా తప్ప పాఠంగా ఉంచడానికి కారణం కనిపించదు. దాని స్థానంలో ఏం పెట్టాలన్నదానికి వెతుక్కోనక్కర్లేదు. 1998లో వై.వి.రెడ్డి నాయకత్వంలోని కార్యబృందం ద్రవ్య లెక్కలను రిజర్వు బ్యాంకు, వాణిజ్య బ్యాంకుల పట్టీలను కలిపి ఎలా వేయాలో తీర్చిదిద్దింది. రిజర్వు బ్యాంకు పదిహేను రోజులకోసారి ఇచ్చే డబ్బు లెక్కలో ఒక వైపు నోట్లు, డిపాజిట్లు ఉంటాయి. రెండో వైపు అవి ఏ మూలాల నుంచి పుట్టాయో ఉంటుంది: ప్రభుత్వానికిచ్చిన అప్పు, వ్యాపారానికిచ్చిన అప్పు, విదేశీ ఆస్తులు. తెలుగులో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకులకు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. గుణకం గొలుసు బదులు ఆ పట్టికను, దాని పక్కన ఏదైనా ఒక బ్యాంకు మూడో షెడ్యూలునూ తొమ్మిదో షెడ్యూలునూ పిల్లల ముందు పెట్టండి.